వార్తలోని ఆప్తుడు



నేడు మన గ్రామములకు వార్త మూడు త్రోవలను వచ్చుచున్నది. ఒకటి పత్రిక. రెండవది ఈ రేడియో. మూడవది అరచేతిలో నిముడు టెలిఫోను. మొదటి రెండింటి గుణదోషములను మన తండ్రులును మనమును ఎన్నియో యేండ్లు తూచి చూచితిమి. ఏ పత్రిక ఏ పక్షమున కొరుగునో మన రచ్చబండమీద ఎరుగనివాడు లేడు. మూడవదానిని తూచుటకు మాత్రము మనకింకను తూనికరాళ్లు అమరలేదు. ఆ రాళ్లు ఎచ్చట దొరకునని వెదకుచు, ఆ మూడవ త్రోవలోనే తన జీవితమున ప్రధానభాగము గడపిన యొక తెలుగువాని చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఆయన పేరు నరిసెట్టి రాజు. అమెరికాదేశమున కంప్యూటరు వ్యాపారమును గూర్చి వార్తలు వ్రాసి, పిమ్మట గొప్ప పత్రికలను కాగితమునుండి అంతర్జాలమునకు నడిపించిన సంపాదకులలో నాయన యొకడు.

చరిత్రమునకు ముందు శాస్త్రము కొంచెము చెప్పెదను. బాల్యమున నేను తర్కసంగ్రహము చదువుకొనునపుడు జ్ఞానమునకు నాలుగు సాధనములు కలవని నేర్చితిని. కంటితో చూచి తెలిసికొనుట ప్రత్యక్షము. పొగను చూచి నిప్పున్నదని గ్రహించుట అనుమానము. ఎరిగినదానితో పోల్చి ఎరుగనిదానిని గుర్తించుట ఉపమానము. నాలుగవది శబ్దము, అనగా ఒకరు చెప్పగా విని తెలిసికొనుట. ఢిల్లీలో నేమి జరిగినదో మనము చూడలేము, పొగను చూచి ఊహింపలేము, పోల్చి చెప్పలేము. విని తెలిసికొనవలసినదే. కావున వార్త యంతయు శబ్దముమీదనే నిలిచియున్నది. అయినను విన్నదెల్ల ప్రమాణము కాదు. ఆప్తుడు చెప్పినదే ప్రమాణము.

ఇచ్చట నొక మెలిక కలదు. లోకవ్యవహారమున ఆప్తుడనగా చుట్టము, స్నేహితుడు, మన మేలు కోరువాడు. శాస్త్రమున ఆప్తుడనగా అది కాదు. ఉన్నదానిని ఉన్నట్లెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పువాడు ఆప్తుడు. వానికి మనతో చుట్టరికము లేకపోవచ్చును. వాడు మన భాష యెరుగనివాడైనను కావచ్చును. ఈ రెండర్థములును ఒక్కమాటలో కలిసియుండుటచేతనే నేడు మనకు చిక్కు వచ్చినది. టెలిఫోనులో వార్త మేనల్లుడు పంపెను, వియ్యంకుడు పంపెను, చిన్ననాటి సహాధ్యాయి పంపెను. వారు మొదటి యర్థమున ఆప్తులే. రెండవ యర్థమున వారాప్తులో కారో మనము విచారింపలేదు. చుట్టరికమును చూచి వార్తను నమ్మితిమి.

ఇక అంతర్జాలపు వార్తకును కాగితపు వార్తకును గల భేదమును చూతము. కంప్యూటర్లను ఒకదానితో నొకటి ముడివేయు వల 1969వ సంవత్సరమున అమెరికాలో నాలుగు కంప్యూటర్లతో ఆరంభమయ్యెను. ఐరోపాలోని సెర్న్ అను పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్‌లీ అను ఆంగ్లేయుడు 1989లో, పుటనుండి పుటకు దారి చూపు పద్ధతినొకదానిని ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ ఆ పద్ధతిని లోకమునకెల్ల ఉచితముగా విడిచిపెట్టెను. మనదేశమున సామాన్యజనులకు అంతర్జాలము 1995 ఆగష్టు 15వ తేదీన లభించెను. ఇది చరిత్ర. భేదములు నాలుగు కలవు.

మొదటిది కాలము. కాగితపు పత్రికకు రాత్రి యొక గడువు కలదు. ఆ గడువులోపల విలేఖరి విచారించును, సంపాదకుడు దిద్దును, సందేహమున్నచో మరునాటికి ఆపును. మన విశాఖపట్టణమునందే ఈ కాలపు విలువ స్పష్టముగా తెలిసినది. ఇతర పట్టణములలో అచ్చయిన తెలుగు దినపత్రికలు మనకు ప్రొద్దెక్కిన పిమ్మట చేరుచుండిన దినములలో, 1974 ఆగష్టు 10వ తేదీన రామోజీరావుగారు ఈనాడు పత్రికను ఈ విశాఖలోనే అచ్చువేసి తెల్లవారకమునుపే వాకిట పడునట్లు చేసిరి. కొన్ని గంటలు ముందు వచ్చుటయే ఒక పత్రికకు జీవమైనది. అంతర్జాలమున గంటలు నిమిషములైనవి. తొందర పెరిగినకొలది విచారణకు దొరకు కాలము తరిగినది.

రెండవది చోటు. కాగితమునకు అంచు కలదు. అందు పట్టనిది విడువవలెను. విడుచుటలో వివేకము కావలెను. అంతర్జాలమున అంచు లేదు, ఎంతయైనను పట్టును. మూడవది దిద్దుబాటు. కాగితమున పడిన తప్పు అచ్చట నిలిచి సాక్ష్యము చెప్పును. మరునాడు సవరణ వేయక తప్పదు. తెరమీది తప్పును ఎవ్వరికిని తెలియకుండ తుడిచివేయవచ్చును. నాలుగవది లెక్క. కాగితములో ఏ వార్తను ఎందరు చదివిరో సంపాదకునకు తెలియదు. అంతర్జాలమున ప్రతి వార్తకును చదివినవారి లెక్క వెనువెంటనే కనబడును. ఆ లెక్కనుబట్టియే ప్రకటనల సొమ్ము వచ్చును. అప్పుడు జనులు తెలిసికొనవలసినదానికంటె, జనులు ఎగబడి చూచునదానిని వ్రాయవలెనను ఆశ పుట్టును.

మా ఆనందపురమున పూలవర్తకము ప్రసిద్ధమని మీరెరుగుదురు. పువ్వునకును వార్తకును ఒక పోలిక కలదు. రెండును ప్రొద్దుగూకువరకు వాడిపోవునవే. అమ్మువానికి తొందర తప్పదు. కాని తొందరలో నున్న వర్తకుడు నిన్నటి పువ్వుమీద నీళ్లు చల్లి నేటిదని అమ్మినచో, కొనువానికి ఇంటికి పోయిన పిమ్మటగాని తెలియదు. పూలబేరములో మోసపోయినవాడు మరునాడు వేరొక అంగడికి పోవును. వార్తబేరములో మోసపోయినవాడు తాను మోసపోయినట్లే యెరుగడు. ఆ వాడినదానినే ఇరుగుపొరుగునకు పంచిపెట్టును.

ఇట్టి కాలమున రాజుగారు పత్రికారచన నవలంబించిరి. ఆయన 1966లో జన్మించినవారు, హైదరాబాదువారు. తండ్రి ఇన్నయ్యగారు తెలుగున పేరెన్నికగన్న రచయిత, పత్రికారచయిత. రాజుగారు గుజరాతులోని ఆనంద్ పట్టణమున, పాలసహకార సంఘముల పెద్ద వర్ఘీస్ కురియన్ 1979లో నెలకొల్పిన గ్రామీణ నిర్వహణ విద్యాలయమున చదివిరి. పల్లెవారి పాలు పట్టణమునకు చేరుటలో నడుమ నెవరెవరు ఎంతెంత తినుచున్నారో లెక్కచూచుట అచ్చటి చదువు. తరువాత ఆయన పట్టినది వార్తల లెక్కయైనను, నడుమ నిలుచువాడెవడని అడుగు బుద్ధి రెండింటికిని ఒకటియే యని నాకు తోచును. ఢిల్లీలో ఎకనామిక్ టైమ్స్ పత్రికలో పనిచేసి, అమెరికాకు పోయి ఇండియానా విశ్వవిద్యాలయమున 1991లో పత్రికారచనయందు పట్టము పొందిరి.

1994లో ఆయన వాల్ స్ట్రీట్ జర్నల్ అను పత్రికలో ప్రవేశించిరి. 1889లో పుట్టిన యా పత్రిక వ్యాపారలోకమునకు పంచాంగము వంటిది. దానిని చూడక వర్తకుడు ముహూర్తము పెట్టడు. రాజుగారు అచ్చట వ్రాసిన విషయములలో ఐ.బి.ఎం. అను కంప్యూటరు సంస్థ వార్తలు ముఖ్యమైనవి. 1990వ దశాబ్దము తుదిభాగమున కంప్యూటరు కార్యాలయమునుండి ఇంటికి వచ్చుచుండిన దినములవి. ఒక సంస్థ తన యంత్రములమీద లాభము పొందుచున్నదా, నష్టపడుచున్నదా యను నొక్క వాక్యమును నమ్మి వేలమంది తమ వాటాలను అమ్ముదురు, కొందురు. వాక్యము తప్పైనచో ఎవడో ముసలివాని దాచుకొన్న సొమ్ము పోవును. కావున ఈ విద్యలో మొదటి పాఠము, రెండుతావుల రూఢిచేసికొనక వ్రాయరాదనుట.

ఆ పత్రికలోనే 1991నుండి వాల్ట్ మాస్‌బర్గ్ అను నాయన కంప్యూటర్లను గూర్చి వారమువారము సామాన్యులకై వ్రాయుచుండెను. యంత్రము నీకు తెలియకపోయినచో తప్పు నీది కాదు, దానిని అంత కష్టముగా చేసినవానిదని ఆయన వాదము. ఈ మాట మన వయసువారు మనసున నుంచుకొనదగినది. టెలిఫోను మీట నొక్కుట రాక మనుమని ముందు సిగ్గుపడు వృద్ధుని నేను చాలమందిని చూచితిని. సిగ్గుపడవలసినవాడు వృద్ధుడు కాడు. యంత్రములను గూర్చి వ్రాయువాడు అమ్మువాని పక్షమున కాక కొనువాని పక్షమున నిలువవలెనని ఈ తరము విలేఖరులు నేర్పిరి.

ఆ పత్రిక 1996లోనే అంతర్జాలమున తన వార్తలకు వెల పెట్టెను. లోకమంతయు ఉచితముగా నిచ్చుచుండగా వెల పెట్టుట వెర్రియని పలువురు నవ్విరి. తరువాత గొప్ప పత్రికలు పెక్కు ఆ త్రోవనే నడచినవి. కారణము విచారింపుడు. చదువరి డబ్బిచ్చినచో పత్రిక చదువరికి జవాబుదారి యగును. చదువరి ఊరక చదివినచో, డబ్బిచ్చినవాడు వేరొకడు కలడన్నమాట. వాడెవడని యడుగుట మన పని. ఉచితముగా దొరకు వార్తకు వెల లేదని యెన్నడు నమ్మవలదు.

సుమారు పదుమూడేండ్లు ఆ పత్రికలో పనిచేసి, దాని ఐరోపా ముద్రణకు సంపాదకుడై, రాజుగారు స్వదేశమునకు వచ్చి 2007 ఫిబ్రవరి 1వ తేదీన మింట్ అను వ్యాపార దినపత్రికను వెలువరించిరి. హిందూస్థాన్ టైమ్స్ వారి సంస్థ దానికి ప్రకాశకులు. బెర్లినర్ అను కొలతలో, అనగా సుమారు 47 సెంటీమీటర్ల పొడుగు, 31 సెంటీమీటర్ల వెడల్పు గల కాగితముమీద, మనదేశమున వెలువడిన మొదటి పత్రిక యదియే. కొలతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. తన విలేఖరులు పాటింపవలసిన నడవడి నియమావళిని ఆ పత్రిక వ్రాసి, ఎల్లరును చదువునట్లు అంతర్జాలమున బహిరంగపరచెను. నియమములు ఏ సంస్థకైనను ఉండును, బీరువాలో నుండును. బయట పెట్టినచో చదువరి దానిని చేతబట్టి నిలదీయవచ్చును. నేను పాఠశాలలో పనిచేసిన దినములలో, పరీక్షలో మార్కులు వేయు పద్ధతిని నల్లబల్లమీద ముందుగానే వ్రాసిపెట్టుచుంటిని. పిల్లలు నా తప్పులు పట్టిరి. అందువలన వారికి నామీద నమ్మకము పెరిగినదే గాని తరుగలేదు.

2009లో ఆయన మరల అమెరికాకు పోయి, వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు ఇద్దరు నిర్వాహక సంపాదకులలో నొకడయ్యెను. అచ్చట నొక వింత స్థితి యుండెను. కాగితపు పత్రిక వ్రాయువారు వాషింగ్టన్ నగరమున నుండిరి. అంతర్జాలపు పత్రిక నడుపువారు పొటోమాక్ నదికి ఆవలి యొడ్డున ఆర్లింగ్టను అను నూర నుండిరి. ఒక యింటి అన్నదమ్ములు ఏటికి చెరియొక గట్టున కాపురముండి, ఒకే పొలమును దున్నుచున్నట్లుండెను. కాగితమువారికి తెరవారు తొందరపాటుగాండ్రు. తెరవారికి కాగితమువారు పాతకాలపువారు. ఈ రెండిండ్లను ఒక్క కప్పుక్రిందికి తెచ్చుట రాజుగారికి అప్పగింపబడిన కార్యములలో నొకటి. బల్లలు మార్చుట సులభము. రాత్రి గడువునకు అలవాటుపడినవానిని నిమిషపు గడువునకు మలచుట, నిమిషపు గడువువానికి రాత్రి గడువువాని నిదానము నేర్పుట కష్టము. ఈ కలయిక జరుగని పత్రికలలో నేటికిని ఒకే సంస్థ పేరిట కాగితమున నొక తీరును తెరమీద మరియొక తీరును కనబడుచున్నవి.

ఆ పదవిలో నుండగా 2009 సెప్టెంబరులో నొక విషయము జరిగెను. ట్విట్టరు అను నొక అంతర్జాలపు పలక యుండెను. 2023లో దానికి ఎక్స్ అను పేరు వచ్చినది. అందు రాజుగారు కొద్దిమంది పరిచితులకు మాత్రమే కనబడునట్లు తన సొంత అభిప్రాయములను రెండు మూడు వాక్యములలో వ్రాసిరి. ఒకటి ప్రభుత్వవ్యయమును గూర్చినది. మరియొకటి తొంబదియొకటవ యేట నున్న యొక సెనేటు సభ్యుడు పడిపోయి ఆసుపత్రి చేరగా, పదవులకు వయఃపరిమితి యుండరాదా యని అడిగినది. వృద్ధులమైన మనకు ఆ రెండవది కొంచెము గుచ్చుకొనును, కానిండు. అది బయటికి పొక్కెను. సంపాదకుడే ఇట్లు పక్షము పలికినచో పత్రిక నిష్పక్షపాతమును ఎవరు నమ్ముదురని తర్కము పుట్టెను. ఆ పత్రిక తన ఉద్యోగులకు అట్టి పలకలమీది వ్రాతలను గూర్చి నియమములు ప్రకటించెను. రాజుగారు ఆ పలకమీది తన లెక్కను మూసివైచిరి.

ఇందు ఎవరు ఒప్పు, ఎవరు తప్పు? ఒక పక్షమువారు, సంపాదకుడును మనుష్యుడే, వానికి అభిప్రాయములుండుట సహజము, దాచుటకంటె చెప్పుటయే నిజాయితీ యందురు. రెండవ పక్షమువారు, తీర్పరి తీర్పునకు ముందు నోరు విప్పరాదందురు. నా మట్టునకు నేను రెండవ పక్షము. మన గ్రామమున తగవు తీర్చు పెద్ద, ఉభయుల మాట వినకమునుపే అరుగుమీద కూర్చుండి తన మొగ్గును చాటినచో, తరువాత అతడెంత న్యాయము చెప్పినను ఓడినవాడు నమ్మడు. అభిప్రాయములు లేనివాడు ఆప్తుడని నే ననను. వానిని ఎప్పుడు ఆపుకొనవలెనో యెరిగినవాడు ఆప్తుడందును. రాజుగారు లెక్క మూసివైచుట నాకు అందుచేతనే మెచ్చదగినదిగా తోచినది.

2012లో ఆయన మరల వాల్ స్ట్రీట్ జర్నల్ చేరి దాని అంతర్జాల విభాగమునకు నిర్వాహక సంపాదకుడయ్యెను. మరుసటి యేడు దాని మాతృసంస్థలో నున్నతోద్యోగి యయ్యెను. 2016లో మరియొక కఠినమైన బాధ్యత వచ్చెను. దాని పూర్వకథ వినదగినది.

గాకర్ అను నొక అంతర్జాల వార్తాసంస్థ యుండెను. దాని క్రింద 2002లో పుట్టిన గిజ్మోడో అను యంత్రవిశేషముల పత్రికయు, మరికొన్నియు నుండినవి. క్రొత్త యంత్రములను గూర్చి గిజ్మోడో ప్రసిద్ధి చెందినది. మూలసంస్థ మాత్రము గొప్పవారి గుట్టును బయటపెట్టుటకు పేరుపడినది. 2007లో నొక ధనికుని స్వంత జీవితరహస్యమును వెల్లడించెను. 2012లో నొక మల్లయోధుని ఏకాంతదృశ్యమును ప్రచురించెను. మల్లుడు వ్యాజ్యము వేయగా, ఫ్లారిడాలో 2016 మార్చిలో జ్యూరీ 14 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమునకు తెరవెనుక సొమ్ము పోసినవాడు పూర్వము గుట్టు పోయిన ధనికుడే యని తరువాత తెలిసినది. సంస్థ దివాలా తీసెను. యూనివిజన్ అను వారు 13 కోట్ల 50 లక్షల డాలర్లకు దానిని కొని, గాకర్ పత్రికను ఆగష్టులో మూసివైచి, తక్కినవానిని గిజ్మోడో పేరిట నొక సంస్థగా కూర్చి, దానికి రాజుగారిని అధిపతిని చేసిరి.

ఈ కథలో రెండు పాఠములు కలవు. ఒకటి చెప్పి రెండవది విడుచుట న్యాయము కాదు. ఆ వార్తలు అబద్ధములు కావు. నిజమే వ్రాసిరి. కాని నిజమైనంత మాత్రమున ప్రతిది వార్త కాదు. పొరుగింటి పడకగదిలోని విషయము నిజమైనను రచ్చబండమీద చెప్పదగినది కాదని మన పల్లెలలో చదువురానివారికిని తెలియును. ఇది మొదటిది. రెండవది, ధనవంతుడు కోపించి చీకటిలో సొమ్ము పోసినచో ఒక పత్రిక పేరే మాసిపోవునని కూడ తెలిసినది. నేడు గుట్టు వ్రాసిన పత్రిక పోయినది. రేపు లంచము వ్రాసిన పత్రికయు ఇట్లే పోవచ్చును. విలేఖరికి హద్దు కావలెను. ఆ హద్దును ధనికుడు గీయరాదు.

2018లో రాజుగారు ఆ సంస్థను విడిచి, కొలంబియా విశ్వవిద్యాలయమున పత్రికారచన చెప్పు ఆచార్యుడయ్యెను. 2020లో మెకిన్సీ అను సంస్థ ప్రచురణశాఖకు పెద్దయై పోయెను. నడుమ 2017లో వికీమీడియా అను ధర్మసంస్థకు ధర్మకర్తలలో నొకడుగా నియమింపబడెను. ఆ సంస్థ ఆశ్రయముననే మన తెలుగు వికీపీడియాయు నడచుచున్నది. వెన్న నాగార్జునగారు 2003 డిసెంబరు 10వ తేదీన దానిని ఆరంభించిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించి, కార్యము ముగియకయే 1923లో పరమపదించిరి. ఒక మహాపండితుని ఆయుస్సు చాలని కార్యమును నేడు పేరు ప్రతిష్ఠలు కోరని వారెందరో కలిసి, జీతము లేకుండ, తెలుగున సాగించుచున్నారు. అందు ఎవ్వరైనను వ్రాయవచ్చును, ఎవ్వరైనను దిద్దవచ్చును. అయినను వ్రాసినదానికి ఆధారము చూపవలెను. దిద్దినవాడెవడో, ఎప్పుడు దిద్దెనో, పూర్వమేమి యుండెనో చిట్టాలో నిలిచియుండును. నేను మొదట చెప్పిన మూడవ లోపమునకు, అనగా తప్పును గుట్టుగా తుడిచివేయుటకు, ఇచ్చట మందు కలదు.

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. ఇదంతయు అమెరికాలోని గొప్పవారి గొడవ, మనకేల యని మీరనవచ్చును. 2018వ సంవత్సరపు వేసవిని జ్ఞప్తికి తెచ్చికొనుడు. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని టెలిఫోనులలో వదంతి పుట్టెను. ఎచ్చటిదో బొమ్మ, ఎవరిదో గొంతు. చుట్టము పంపెను, చుట్టమునకు పంపితిమి. తెలంగాణ జిల్లాలలోను జనులు గుమికూడి దారినపోవు అమాయకులను కొట్టిరి, ప్రాణములు పోయినవి. జులై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున బిచ్చమెత్తుకొను సంచారజాతివారిని ఐదుగురిని పట్టి చంపిరి. చంపినవారు దొంగలు కారు. బిడ్డలు గల గృహస్థులు. బిడ్డలమీది ప్రేమయే వారిచేత హత్య చేయించినది. ఆ నెలలోనే వాట్సాప్ వారు మనదేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదుచోట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి.

ఆ దినములలోనే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు వేరొక త్రోవ త్రొక్కిరి. ఊరూరికి నొక పోలీసును కేటాయించి, వారిచేత ఇంటింట మాటలాడించిరి. జానపద గాయకులచేత వదంతులను నమ్మవలదని పాడించిరి, డప్పుతో చాటించిరి. టెలిఫోనులో పుట్టిన అబద్ధమును డప్పు అణచినది. ఎట్లు? డప్పు కొట్టువాడెవడో ఊరికి తెలియును. చెప్పువాడు ఎదుట నిలిచెను, ప్రశ్న అడుగవచ్చును, తప్పైనచో రేపు మరల అతనినే పట్టుకొనవచ్చును. వదంతికి ముఖము లేదు. ముఖము లేనివాడు ఆప్తుడు కానేరడు.

కావున తూనికరాళ్లను వెదకి చాల దూరము పోనక్కరలేదు. రాజుగారు నడచిన త్రోవలోనే నాలుగు దొరకినవి. వార్త వచ్చినప్పుడు, చెప్పినవాడెవడని మొదట అడుగుడు; పంపినవాడు కాడు, చెప్పినవాడు. వానికి ఎట్లు తెలిసినదని రెండవమారు అడుగుడు. చెప్పినందువలన వానికేమి లాభమని మూడవమారు అడుగుడు; ఉచితముగా నిచ్చువానిని మరి గట్టిగా అడుగుడు. తప్పైనచో బహిరంగముగా దిద్దుకొనునా యని నాలుగవమారు అడుగుడు. ఈ నాలుగింటికిని సమాధానము దొరకనిచో, ఆ సందేశము మీ టెలిఫోనులో ఆగిపోవలెను. ఆపుటకు చదువక్కరలేదు. నిజము నిలుకడమీద తెలియునని మన పెద్దల మాట. ఆ నిలుకడను ఇచ్చుట మన వయసువారికి తెలిసిన విద్య.

మరియొక్క మాట. మీ యింట మనుమడో మనుమరాలో టెలిఫోను తెచ్చి, తాతగారూ ఇది నిజమా యని అడుగుదురు. తెలియనిచో తెలియదని చెప్పుడు. తెలియదని చెప్పినంతమాత్రమున పెద్దరికము తరుగదు. రెండుతావుల విచారించి రేపు చెప్పెదనని చెప్పి, రేపు తప్పక చెప్పుడు. అమెరికా పత్రికలలో గొప్ప జీతములకు నియమింపబడిన సంపాదకుడు చేయునది ఇంతకంటె వేరు కాదు. అట్లు చేయుచు వచ్చినచో, కొంతకాలమునకు ఆ పిల్లలు వార్త రాగానే పదిమందికి పంపుటకు ముందు మీ యొద్దకు వత్తురు. అప్పుడు మీరు వారికి రెండర్థములలోను ఆప్తులగుదురు.